శుక్రవారం విప్పిన లెన్సులు

ఫ్యాక్టరీ కొలువు నుంచి రిటైరైన మరుసటి ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు, నేను బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక లెన్సుల మరమ్మతు కేంద్రంలో ముఖ్య టెక్నీషియన్‌గా చేరాను. అంతకుముందు ముప్పై రెండేళ్ళు ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీ ఆప్టిక్స్ విభాగంలో పనిచేశాను. అప్రెంటిస్‌గా లోపలికి పోయి సీనియర్ సూపర్‌వైజర్‌గా బయటికి వచ్చాను. బైనాక్యులర్లు, దూరం కొలిచే పరికరాలు, వాటిలోని గాజు బిళ్ళలను అమర్చడం, అమర్చినవాటిని తనిఖీ చేయడం నా పని. నా సంతకం పడనిదే ఆ గదిలోంచి ఒక్క పరికరం బయటికి పోయేది కాదు. ఆ సంతకం మీద నాకు కొంచెం ఎక్కువ గౌరవమే ఉండేది. ఇప్పుడు చెప్పబోయే తంటా అంతా దానివల్ల వచ్చిందే.

కేంద్రం యజమాని ప్రభాకర్. మూడు తరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్ళది. తండ్రి పేటలో కెమెరాల అంగడి నడిపేవారు. ఫిల్ము అమ్మకం పడిపోయాక ప్రభాకర్ తెలివిగా మరమ్మతుల వైపు తిరిగాడు. బ్రూక్‌ఫీల్డ్ ఎందుకంటే గిరాకీ అంతా అక్కడి ఆఫీసుల్లోనే ఉంది. సాఫ్ట్‌వేర్ పిల్లలు తాతల నాటి లెన్సులు వెతికి కొని, మధ్యలో ఒక అడాప్టర్ రింగు పెట్టి, కొత్త డిజిటల్ కెమెరాలకు తగిలిస్తారు. కొత్త లెన్సుతో తీస్తే బొమ్మ మరీ కత్తితో కోసినట్టు వస్తుందట, పాతదాంట్లో ఏదో మెత్తదనం ఉందట. ఆ మెత్తదనం నాకెన్నడూ కనబడలేదు. కానీ యలహంక పాతూరు నుంచి రెండు బస్సులు మారి నేను అక్కడికి పోయేది ఆ మెత్తదనం పుణ్యానే కాబట్టి, వాళ్ళతో వాదం పెట్టుకునేవాణ్ణి కాను.

పాత లెన్సులకు వచ్చే ముఖ్యమైన జబ్బు లోపలి మసక. లెన్సు అంటే ఒక్క గాజు కాదు. ఒక గొట్టంలో ఐదారు గాజు బిళ్ళలు వరసగా కూర్చుని ఉంటాయి. ఫోకస్ తిప్పడానికి ఆ గొట్టంలో మరలుంటాయి, మరలకు గ్రీజు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గ్రీజులోని నూనె ఆవిరై బిళ్ళల లోపలి ముఖాల మీద పలచగా పేరుకుంటుంది. మామూలుగా చూస్తే ఏమీ తెలియదు. టార్చి వెలుగు ఏటవాలుగా వేస్తే, పాలకుండ కడిగిన నీళ్ళలా తెల్లగా కనబడుతుంది. అలాంటి లెన్సుతో ఫోటో తీస్తే నలుపు నలుపుగా పడదు, బూడిదగా పడుతుంది. తెల్లని వస్తువు చుట్టూ ఒక మెరుపు కమ్ముకుంటుంది. బూజు పడితే సాలెగూటి దారాల్లా కనబడుతుంది కాబట్టి దాన్ని వెంటనే గుర్తుపట్టవచ్చు. ఇంకోటి, గాజునే తినేసినట్టయిన మసక. దాన్ని ఎవరూ తుడవలేరు, ఆ మాట గిరాకీకి ముందే చెప్పేయడం మర్యాద.

తుడవగలిగిన మసకకు మా పద్ధతి ఇది. ముందు జాబ్ కార్డులో లెన్సు వివరాలు, టార్చి కింద కనబడింది రాసుకుంటాం. ముందుభాగపు రింగును రబ్బరు బిరడాతో తిప్పి తీస్తాం. దాని కింద బిళ్ళను పట్టి ఉంచే సన్నని ఇత్తడి రింగును రెండు మొనల స్పానరుతో విప్పాలి. చెయ్యి జారితే గాజు మీద గీత పడుతుంది, ఆ గీత జన్మకు పోదు. బిళ్ళను బయటికి తీసే ముందే దాని అంచు మీద పెన్సిలుతో బాణం గుర్తు పెట్టుకోవాలి. తిరగేసి బిగించారంటే బొమ్మ మధ్యలో బాగానే ఉండి అంచుల్లో చెదిరిపోతుంది, అప్పుడు తప్పెక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలి. తరువాత ఆల్కహాల్, ఆ తరువాత డిస్టిల్డ్ వాటర్. ఒక టిష్యూతో ఒకే తుడుపు, నడుమ నుంచి అంచుకి. రెండో తుడుపుకి రెండో టిష్యూ. చివర ఊపిరి పరీక్ష. గాజు మీద మెల్లగా ఊదితే పట్టిన ఆవిరి అంతటా ఒక్కసారిగా పోవాలి. ఎక్కడైనా చార నిలిచిందంటే అక్కడింకా మురికి ఉన్నట్టే.

ఇందులో నేను ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన నియమం ఒకటుంది. గొట్టంలోని పాత గ్రీజు కడిగి కొత్తది పెట్టాక, కనీసం రెండు రోజులు ఆరనివ్వాలి. పచ్చి గ్రీజు మీద శుభ్రమైన గాజు పెడితే అది ఊరకే తుడిచినట్టే. అందుకని మసక బాగా ముదిరిన లెన్సులను శుక్రవారం నాడే విప్పమనేవాణ్ణి. శుక్రవారం విప్పి తుడవడం, శని ఆదివారాలు గొట్టం ఆరడం, సోమవారం బిగించడం. తుడిచిన బిళ్ళలు ఆ మూడు రోజులూ రబ్బరు అంచుల గాజు తలుపులున్న చిన్న బీరువాలో, పలుచని గుడ్డ కింద ఉండేవి. సోమవారం వాటిని మళ్ళీ తుడవకూడదు. తుడిచే ప్రతిసారీ గాజు పైపూత కొంత అరుగుతుంది కాబట్టి, బీరువాలోంచి తీసింది తీసినట్టు బిగించాలి. ఈ నియమం కూడా నాదే.

అదే శుక్రవారం సాయంత్రం ఇంకో పని కూడా నాదే. మా అమ్మ శుక్రవారం పొద్దుగూకేసరికి సాంబ్రాణి వేసి ఇల్లంతా తిప్పేది. వాకిలి, వంటిల్లు, బట్టల బీరువా తలుపులు తీసి దాని లోపలికి కూడా. చెమ్మ రాదని, పురుగు చేరదని అనేది. ఫ్యాక్టరీ క్లీన్ రూములో దారం పోగు కనబడితే మెమో ఇచ్చేవాళ్ళు, అక్కడ అగరుబత్తి మాటే లేదు. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. అందుకని పని ముగిశాక గోడ మీది వేంకటేశ్వరుడి పటానికి దీపం పెట్టి, ధూపం వేసి, బల్లలకు, పనిముట్లకు చూపించి, ఆఖరున ఆ చిన్న బీరువా తలుపు తీసి లోపలికి రెండు చుట్లు తిప్పి, తలుపు మూసేవాణ్ణి. అమ్మ చెప్పిందాంట్లో ఎంతోకొంత శాస్త్రం ఉందనీ, బూజు రాకుండా కాపాడుతుందనీ నా నమ్మకం. నాకు తృప్తిగా ఉండేది.

చేరిన మూడో ఏడు జనవరిలో రెండు మార్పులు జరిగాయి. రోడ్డు దుమ్ము తట్టుకోలేక ప్రభాకర్ పనిగదికి ఏసీ పెట్టించి కిటికీలు మూయించేశాడు. అదే నెలలో నాగవేణి చేరింది.

నాగవేణిది కదిరి దగ్గర పల్లె. భర్త కట్టడాల్లో సెంట్రింగ్ పని చేస్తాడు. తొమ్మిదేళ్ళు ఒక కళ్ళద్దాల అంగడిలో గాజులను ఫ్రేముకు తగ్గట్టు సానబట్టి బిగించే పని చేసింది కాబట్టి గాజును పట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. వేళ్ళ కొసలతో, అంచుల మీదే పట్టుకునేది. ఆరు నెలల ప్రొబేషన్ మీద తీసుకున్నారు. నెల గడిచేసరికి శుక్రవారపు లెన్సులు ఆమెకే అప్పగించాను. ఆమె తుడిచేది, బిగించేది, నేను టార్చి వేసి చూసి కార్డు మీద ‘పాస్’ అని సంతకం పెట్టేవాణ్ణి.

చేరిన కొత్తల్లోనే ఒక శుక్రవారం, నేను బీరువాలోకి ధూపం తిప్పుతుంటే, ఆమె చేతిసంచి సర్దుకుంటూ ఆగి అడిగింది.

“సార్, పొగ లోపలికి పోతే గ్లాసుకు ప్రాబ్లం ఏం కాదా?”

“సాంబ్రాణి పొగమ్మా. దాంట్లో ఏం దోషం ఉండాది?” అన్నాను.

ఆమె సరే అన్నట్టు తల ఊపి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఆ మాటను ఆ రోజే మరిచిపోయాను.

మార్చి నుంచి లెన్సులు తిరిగి రావడం మొదలైంది. మరమ్మతు చేసింది మళ్ళీ అదే జబ్బుతో వస్తే దాన్ని రిటర్న్ జాబ్ అంటాం. అది టెక్నీషియన్‌కు తలవంపులు. ఒకటి వచ్చింది, పాత గాజు అనుకున్నాం. రెండు వచ్చాయి. మే నెల ముగిసేసరికి ఎనిమిదయ్యాయి. అన్నీ తుడిచి ఇచ్చిన ఆరేడు వారాలకు లోపల మళ్ళీ తెల్లగా పలచటి పొర. కార్డులు తీసి చూస్తే ఏడింటి మీద నాగవేణి పేరుంది.

నేను ఆమె చేతులను గమనించడం మొదలుపెట్టాను. చేతొడుగులు సరిగ్గానే వేసుకుంటోంది. టిష్యూ ఒక్కటే తుడుపుకు వాడుతోంది. ఇంకేం దొరకక కళ్ళు ఆమె తల మీద పడ్డాయి. నున్నగా కొబ్బరినూనె రాసి దువ్విన జడ. ఏసీ గదిలో ఆ నూనె ఆవిరే బిళ్ళల మీద పడుతోందని తేల్చేసుకున్నాను. కౌంటరులో కూర్చునే అమ్మాయి, డెలివరీ చూసే మనిషి వింటుండగానే, తలకు నూనె పెట్టుకొని ఈ గదిలోకి రావద్దని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను. మరుసటి రోజు నుంచి ఆమె ఎండిన జుట్టు ముడేసి, మీద గుడ్డ కట్టుకొని వచ్చేది. మధ్యాహ్నానికల్లా తలనొప్పి అని కణతలు నొక్కుకునేది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

జూన్ రెండో వారంలో దొడ్డబళ్ళాపురం నుంచి గంగాధరప్ప వచ్చారు. ఆయన మగ్గాల మనిషి. పాత ఇళ్ళలో భద్రంగా దాచుకున్న పట్టుచీరల అంచులను, కొంగులను దగ్గరి నుంచి ఫోటో తీసి, ఆ ఫోటో చూసి గ్రాఫు కాగితం మీద డిజైను దించుతారు. అందుకు వాడేది వాళ్ళ నాయన కొన్న లెన్సు ఒక్కటే. చీర ఇచ్చేవాళ్ళు గడప దాటనివ్వరు. గంట సేపు ఇస్తారు, ఆ గంటలో పోగు పోగూ ఫోటోలో పడాలి. ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి మేమే తుడిచిచ్చాం. మూడోసారి తెచ్చి కౌంటరు మీద పెట్టారు.

“ఏమప్పా, మీరు తుడిచిస్తారు, రెండు నెల్లకు మళ్ళా మబ్బు కమ్ముకుంటా ఉండాది,” అన్నారు. “జరీ అంతా ఒకటే మెరుపుగా పడతా ఉంటే పోగులు ఎట్ల లెక్కబెట్టేది? పోయిన వారం ఒక ముసలామె తన పెండ్లిచీర చూపించింది. ఇంకోసారి చూపిస్తాదో లేదో ఆమెకే తెలీదు.”

ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అన్నారు. నేను తలెత్తలేకపోయాను.

ఆ సాయంత్రం ప్రభాకర్ నన్ను తన గదిలోకి పిలిచాడు. “తొమ్మిది రిటర్న్‌లు సార్. ఎనిమిది ఆయమ్మ చేతిలో పోయినవే ఉండాయి. నెలాఖరుకు ప్రొబేషన్ ముగుస్తాది. ఉంచేదా వద్దా, మీరొక నోట్ రాసివ్వండి. మీరు ఏం రాస్తే అదే,” అన్నాడు.

మీరు ఏం రాస్తే అదే అన్న మాట నాకు బాగా నచ్చింది. ఆ రాత్రే ఇంట్లో కూర్చుని నోట్ చిత్తుప్రతి రాశాను. పనిమీద శ్రద్ధ ఉన్నా శుభ్రత ప్రమాణం చాలదనీ, స్థిరపరచడానికి సిఫారసు చేయలేననీ రాశాను. ఆమె పాత అంగడిలో ఆమె జాగా వేరేవాళ్ళకు ఇచ్చేశారని నాకు తెలుసు, మాటల్లో ఎప్పుడో చెప్పింది. తెలిసే రాశాను. కానీ ఊరికే రాసిస్తే నింద అవుతుంది, రుజువు ఉండాలి కదా అనిపించింది. ఆ పాటి న్యాయం నాలో ఉన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

ఫ్యాక్టరీలో గాజు మీద పూత వేసేటప్పుడు పక్కన ఒక మామూలు గాజు ముక్కను కూడా పెట్టేవాళ్ళం. అసలు గాజును ముట్టుకోకుండా, ఈ ముక్కను చూసి పూత ఎలా పడిందో చెప్పవచ్చు. దాన్ని సాక్షి గాజు అంటారు. ఆ ఉపాయమే వాడాను. ఐదు సాదా గాజు ముక్కలను నా చేత్తో తుడిచి, ఊపిరి పరీక్ష చేసి, ఒక్కోదానికి సగం అల్యూమినియం రేకు చుట్టాను. రేకు కింది సగం ఎలాగూ శుభ్రంగా ఉంటుంది. గాలికి ఉన్న సగం మీద ఏదైనా పడితే రెండింటి నడుమ గీత తెలుస్తుంది. శుక్రవారం పొద్దున్నే, నాగవేణి రాకముందే, ఒకటి ఆమె తుడిచే బల్ల మీద, ఒకటి ఆమె టిష్యూల డబ్బాలో, ఒకటి ఆమె సింకు పక్కన, ఒకటి బిగించే బల్ల మీద పెట్టాను. ఐదోదాన్ని బీరువాలో పెట్టాను. అది కేవలం పోల్చి చూడటానికి. ఆ చోట తప్పు ఉండదని నా లెక్క.

సాయంత్రం యథాప్రకారం దీపం పెట్టి, ధూపం వేసి, బీరువా తలుపు తీసి రెండు చుట్లు తిప్పి మూశాను.

సోమవారం అందరికంటే ముందు వచ్చి ఐదింటినీ నల్లగుడ్డ మీద పరిచి రేకులు విప్పాను. మొదటిదాని మీద ఊదాను. ఆవిరి అంతటా ఒక్కసారిగా పోయింది. రెండోది, మూడోది, నాలుగోది, అన్నీ అంతే. ఆమె బల్ల నా బల్ల కంటే శుభ్రంగా ఉంది. ఐదోదాని మీద ఊదితే నడుమ గీత గీసినట్టు నిలబడింది. ఒక సగం వెంటనే తేరుకుంది, రెండో సగం మీద ఆవిరి జిడ్డుగా, చారలు చారలుగా ఆగిపోయింది. ఆమె గాని బీరువా తెరిచి ముట్టుకుందా అన్నది నాకు వచ్చిన మొదటి ఆలోచన. సిగ్గుచేటు, అయినా వచ్చిన మాట వచ్చినట్టు చెబుతున్నాను. గాజును ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సాంబ్రాణి వాసన.

సాంబ్రాణి చెట్టు బంక. కాల్చితే వచ్చేది ఉత్త పొగ కాదు, ఆ బంక సారం ఆవిరై పైకి లేస్తుంది, చల్లగా ఏది దొరికితే దాని మీద పేరుకుంటుంది. కిటికీలు తెరిచి ఉన్న రోజుల్లో చాలామటుకు బయటికి పోయేది. ఏసీ వచ్చాక గాజు చల్లబడింది, కిటికీలు మూతపడ్డాయి, నేను చేతులారా బీరువాలోకి పొగ పట్టించి రబ్బరు తలుపు బిగించాను. సోమవారానికి ఆ పొర టార్చికి కూడా చిక్కనంత పలచన. మళ్ళీ తుడవకూడదన్న నా నియమం వల్ల అది అలాగే లోపలికి పోయేది. ఆ తరువాత గ్రీజు ఆవిరి ఆ జిడ్డు మీదే చేరి, ఆరేడు వారాల్లో మసకగా బయటపడేది. ముప్పై ఏళ్ళు గాజుతో కాపురం చేసినవాడికి ఇంత చిన్న విషయం తట్టలేదు.

అయినా ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకూడదని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంకో మూడు రోజులు గడువు దొరుకుతుందని అలా చెప్పుకున్నాను. ధూపం లేకుండా సోమవారం నుంచి గురువారం దాకా బీరువాలో ఇంకో సాక్షి గాజు పెట్టాను. ఆ మూడు రోజులూ తేలు కుట్టిన దొంగలా తిరిగాను. మధ్యలో పాత కార్డులు తీశాను. తొమ్మిది రిటర్న్‌లూ శుక్రవారం విప్పినవే. నాగవేణి పేరు లేని ఆ ఒక్క కార్డు ఎవరిదా అని చూస్తే నాది. ఫిబ్రవరిలో ఆమె ఊరికి పోయిన వారం నేనే తుడిచి బిగించిన లెన్సు. అది తిరిగొచ్చినప్పుడు కార్డు మీద నా చేత్తో రాసిన మాట ఉంది: పాత గాజు, స్వభావ దోషం. ఆమె లెన్సు తిరిగొస్తే చేతి దోషం, నాది తిరిగొస్తే గాజు దోషం. గురివింద గింజ సామెత నాకోసమే పుట్టినట్టుంది.

గురువారం పొద్దున్న సాక్షి గాజు మీద ఊదాను. ఏ గీతా లేదు. సంచిలోని నోట్ చిత్తుప్రతిని చింపి చెత్తబుట్టలో వేసి, రెండు గాజు ముక్కలూ తీసుకొని ప్రభాకర్ గదిలోకి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గాజు మీద ఊది చూపించాను. అతను తనే ఊది చూసుకున్నాడు, వాసన చూశాడు. నా కొలువు పోయినా పోవచ్చనుకున్నాను. అంతకంటే ఎక్కువగా, ఇకమీదట నా సంతకాన్ని ఎవరు నమ్ముతారన్న బాధ ఉండింది.

“మా నాయన అంగడిలో దినామూ రెండు పూటలా ధూపం వేస్తా ఉండె,” అన్నాడు చివరికి. “ఆ కాలం లెన్సులే ఇప్పుడు మన దగ్గరికి మసకని వస్తా ఉండాయేమో సార్. నాయన వేసిన పొగ, కొడుక్కి యాపారం.”

ఇద్దరం నవ్వాం. తరువాత అతను నవ్వు ఆపి, ఆయమ్మకు ఎవరు చెప్పేది అని అడిగాడు. నేనే చెబుతానన్నాను.

నూనె సంగతి నలుగురిలో అన్నాను కాబట్టి ఇదీ నలుగురిలోనే చెప్పాలనిపించింది. కౌంటరు అమ్మాయిని, డెలివరీ మనిషిని పనిగదిలోకి పిలిచాను. నాగవేణి తన బల్ల దగ్గర లేచి నిలబడింది. పిలిచింది తనను పంపించేయడానికే అనుకున్నట్టు ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

“నీ చేతిలో ఏ దోషమూ లేదమ్మా,” అన్నాను. “దోషం నా పొగలో ఉండాది. నువ్వు ఆ రోజే అడిగినావు. నేనే వినలేదు.”

గాజు ముక్కలు ఆమె చేతికిచ్చాను. ఆమె ఊది చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. గీత దగ్గర వేలు పెట్టకుండా, వేలితో గాలిలోనే ఆ గీత వెంట చూపించింది. మళ్ళీ ఎందుకు అడగలేదమ్మా అన్నాను.

“ఒకసారి అడిగినా కదా సార్. నాది ప్రొబేషన్. మీది దేవుని పని. రెండోసారి అడిగితే ఎదురు మాట్లాడినట్ల అయితాదని ఊరికే ఉన్నా.”

ఆమె గాజు ముక్కలను నల్లగుడ్డ మీద పెట్టి, నా వైపు చూసి, ఇంకోటి అడిగింది.

“అయితే సార్, ఇంక తలకు నూనె పెట్టుకోవచ్చునా?”

పెట్టుకోమ్మా అన్నాను. మరుసటి రోజు నున్నగా దువ్వుకొని, పైన పనిటోపీ పెట్టుకొని వచ్చింది. తలనొప్పి మాట మళ్ళీ వినలేదు.

గంగాధరప్పగారి లెన్సును తరువాతి మంగళవారం నాగవేణే విప్పింది. గురువారం బిగించేముందు ఊపిరి పరీక్ష చేసింది, అది కొత్త నియమం. కార్డు మీద తనిఖీ సంతకం నేను పెట్టలేదు, ప్రభాకర్ చేత పెట్టించాను. తీసుకోవడానికి ఆయన వచ్చినప్పుడు, తప్పు ఎక్కడ జరిగిందో నేనే చెప్పాను. ఆయన విని, మా మగ్గాల ఇంట్లో కూడా దినామూ ధూపం వేస్తారప్పా, ఇంక ఈ లెన్సు డబ్బాను నట్టింట్లో పెట్టేది లేదు అన్నారు. ఆ వృద్ధురాలు చీర మళ్ళీ చూపించిందట. దీపావళికి ఆ అంచు ఫోటో ఒకటి పంపారు. భూతద్దం పెట్టి చూస్తే జరీ పోగులు ఒక్కొక్కటిగా లెక్కకు వచ్చాయి. ఆ తరువాత ఆ లెన్సు మా దగ్గరికి రాలేదు. తిరిగొచ్చిన మిగతా లెన్సులన్నిటినీ గిరాకీలకు ఫోన్ చేసి పిలిపించి మళ్ళీ తుడిచాం.

దేవుడి పటం అక్కడే ఉంది. ధూపం మాత్రం మెట్ల కింది గేటు దగ్గరికి దిగింది. శుక్రవారం శుక్రవారం వేసేవాణ్ణి, ఏ కొరతా అనిపించలేదు. నాగవేణికి జూలై మొదటి తారీఖున కన్ఫర్మేషన్ ఉత్తరం ఇచ్చారు. దానికి జతచేసిన నోట్ నేను రాసిందే, ఈసారి చిత్తుప్రతి లేకుండా ఒకేసారి రాశాను.

నేను ఆ తరువాత మూడేళ్ళు పనిచేశాను. తనిఖీ చేసేవాడి అలవాటును ఎవరూ తనిఖీ చేయరు కాబట్టి, తప్పు దాక్కోవడానికి దానికంటే మంచి చోటు ఉండదు. సాక్షి గాజు పెట్టదలచుకుంటే మొదటిది తన బల్ల మీదే పెట్టుకోవాలి. కేంద్రంలో గోడకు అంటించిన పద్ధతుల కాగితంలో ఇది ఇప్పుడు మొదటి అంశం. రాత నాగవేణిది.

నా ఆఖరి పనిదినం సోమవారం. శుక్రవారం నుంచి పెట్టిన సాక్షి గాజులన్నీ ఆమె నల్లగుడ్డ మీద పరిచింది. నా బల్ల మీదిది చివరగా తీసి, రేకు విప్పి, ఊదింది. ఆవిరి అంతటా ఒక్కసారిగా పోయింది. కార్డులో నా పేరుకు ఎదురుగా ‘పాస్’ అని రాసి, సంతకం పెట్టింది.